‘తాగనివారు’ ఎవరు?: మితమద్యపానం – హృద్రోగ పరిశోధనల చరిత్రలో ఒక వర్గీకరణ సమస్య

వ్యాససంగ్రహం:

మితంగా మద్యం సేవిస్తే గుండెకు మేలు కలుగుతుందన్న అభిప్రాయం 1970ల నుంచి వైద్యశాస్త్ర ప్రతిపాదనగా బలపడి, 2000 తరువాత క్రమంగా బలహీనపడింది. ఆ ప్రతిపాదన ఎలా పుట్టింది, ఏ ఆధారాల మీద నిలిచింది, ఏ ప్రశ్నల ముందు తడబడింది అన్న విషయాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. పరిశోధకులు మద్యం తాగేవారిని ఎవరితో పోల్చారన్నదే ఈ చరిత్రకు కీలకమని వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘తాగనివారు’ అన్న ఒకే వర్గంలో ఎన్నడూ మద్యం ముట్టనివారిని, జబ్బుచేసి మానుకున్నవారిని కలిపి లెక్కించడం వల్ల ఫలితాలు ఎలా మారాయో చూపి, భారతీయ సందర్భంలో ఆ వర్గీకరణకు ఉన్న ప్రత్యేకతను చర్చిస్తుంది.

కీలకపదాలు: మితమద్యపానం, హృద్రోగం, గుండెపోటు, యు ఆకారపు వక్రరేఖ, ఫ్రెంచ్ వైరుధ్యం, వర్గీకరణ దోషం, జన్యు అధ్యయనాలు.

1. ప్రవేశిక:

తెలుగు వాడుకలో ‘మందు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఔషధాన్నీ మందే అంటారు, సారానూ విస్కీనీ మందే అంటారు. ‘ఆయన మందు మానేశాడు’ అన్న వాక్యం విన్నవారు, ఆయన మానింది వైద్యుడిచ్చిన మాత్రలనో తాగుడునో సందర్భాన్ని బట్టే గ్రహించాలి. ఈ రెండర్థాల కలయిక వాడుకభాషకే పరిమితం కాదు. భారత రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల నిషేధానికి ప్రభుత్వాలు కృషి చేయాలని నిర్దేశిస్తూనే, వైద్య అవసరాలకు మినహాయింపునిచ్చింది. మద్యనిషేధం అమలులో ఉన్న గుజరాత్‌లో ఆరోగ్య కారణాలపై మద్యం పర్మిట్లు ఇచ్చే పద్ధతి ఉంది. మద్యానికి ఔషధగుణం ఉందన్న భావన చట్టాలలోకీ ప్రవేశించిందనడానికి ఇది నిదర్శనం.

‘కొద్దిగా తాగితే గుండెకు మంచిది’ అన్న మాట ఈ భావనకు ఆధునిక రూపం. ఇది జానపద విశ్వాసంగా పుట్టినది కాదు. ప్రసిద్ధ వైద్యపత్రికలలో వెలువడిన పరిశోధనల నుంచి పత్రికలకు, టెలివిజన్‌కు, అక్కడి నుంచి సామాన్య సంభాషణలకు చేరింది. భారతదేశంలో మరణకారణాలలో హృద్రోగాలు అగ్రస్థానంలో ఉన్న ఈ కాలంలో, ఈ మాట ఎంతవరకు నిజమన్నది విద్వత్చర్చకే పరిమితమైన ప్రశ్న కాదు. దాన్ని నమ్మి ఒక మధ్యవయస్కుడు తాగుడు మొదలుపెట్టవచ్చు, తాగేవాడు మానకుండా కొనసాగించవచ్చు. అందుచేత ఆ మాట వెనుక ఉన్న ఆధారాల చరిత్రను పరిశీలించడం అవసరం.

2. రోగి ఉపశమనం నుంచి శవపరీక్ష వరకు (1768–1961):

గుండెనొప్పికి ‘యాంజైనా పెక్టోరిస్’ అన్న పేరుపెట్టి స్పష్టంగా వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్. 1768లో లండన్ వైద్యుల కళాశాలలో ఆయన చదివిన పత్రం 1772లో అచ్చయింది. వైన్ వంటి పానీయాలు ఈ నొప్పికి ఉపశమనమిస్తాయని ఆయన భావించాడు. ఆ తరువాత చాలాకాలం వైద్యులు యాంజైనా రోగులకు కొద్దిపాటి మద్యాన్ని సూచిస్తూ వచ్చారు. మద్యం గుండె రక్తనాళాలను వెడల్పు చేస్తుందన్నది వారి అవగాహన.

1950లో హెన్రీ రస్సెక్, ఆయన సహచరులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ అవగాహనను ప్రశ్నించింది. విస్కీ తాగి వ్యాయామం చేసిన రోగులకు నొప్పి తగ్గింది. కాని వారి ఈసీజీలో కనిపించే దోషాలు మాత్రం తగ్గలేదు. అంటే మద్యం నొప్పి తెలియకుండా చేసిందే తప్ప, గుండెకు రక్తప్రసరణను మెరుగుపరచలేదు. రోగి అనుభవించే ఉపశమనం, రోగంలో జరిగే మార్పు రెండూ ఒకటి కావన్న పాఠం అప్పుడే బయటపడింది.

మరొక ఆధారం శవపరీక్షల నుంచి వచ్చింది. 1904లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ కాబట్, తీవ్రంగా తాగేవారిలో రక్తనాళాలు గట్టిపడటం ఊహించినంత ఎక్కువగా లేదని రాశాడు. తాగుడు వల్ల కాలేయం దెబ్బతిన్నవారి ధమనులు శుభ్రంగా ఉన్నాయని తరువాతి దశాబ్దాలలో పలువురు వైద్యులు గమనించారు. మద్యం ధమనులను కాపాడుతోందన్న ఊహకు ఇది ఊతమిచ్చింది. 1961లో పారిష్, ఎబర్లీ అనే పరిశోధకులు దీన్ని గణాంక భ్రమగా వివరించారు. కాలేయ వ్యాధితో మరణించేవారు సాధారణంగా చిన్నవయసులోనే మరణిస్తారు. ధమనులు పూడుకుపోయే వయసుకు వారు చేరనే చేరరు. వయసు తేడాను లెక్కలోకి తీసుకోకుండా వారిని ఇతరులతో పోల్చడమే ఆ భ్రమకు మూలం. పోలిక సరైన వారితో జరగకపోతే హాని కూడా రక్షణలా కనిపించగలదని ఈ ఉదంతం చూపింది. తరువాతి అర్ధశతాబ్దంలో ఇదే సమస్య మరో రూపంలో తిరిగి వచ్చింది.

ఈ రెండింటి మధ్యకాలంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ పెర్ల్ 1926లో మద్యం – ఆయుర్దాయం గురించి ఒక గ్రంథం వెలువరించాడు. బాల్టిమోర్ శ్రామిక కుటుంబాల వివరాల ఆధారంగా, మితంగా తాగేవారి ఆయుర్దాయం తాగనివారికంటే తక్కువ కాదని ఆయన నిర్ధారించాడు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉంది. నిషేధం నడుస్తున్న కాలంలో వచ్చిన ఈ నిర్ధారణ సహజంగానే రాజకీయ వివాదంలో భాగమైంది. మద్యం గురించిన విజ్ఞానం మద్యం గురించిన రాజకీయం నుంచి పూర్తిగా విడివడిన సందర్భం ఈ చరిత్రలో అరుదు.

3. యు ఆకారపు వక్రరేఖ (1972–1981):

రెండో ప్రపంచయుద్ధం తరువాత హృద్రోగ పరిశోధన పద్ధతి మారింది. ఆరోగ్యవంతులైన వేలమందిని ఎంచుకొని, వారి అలవాట్లను నమోదుచేసి, ఎవరికి ఎప్పుడు జబ్బు వస్తుందో సంవత్సరాల తరబడి గమనించే దీర్ఘకాలిక అధ్యయనాలు మొదలయ్యాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1948లో ప్రారంభమైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం వీటిలో సుప్రసిద్ధం. ఆ అధ్యయనంతో సంబంధం ఉన్న కార్ల్ సెల్ట్‌జర్ 1997లో ఒక వ్యాసం రాస్తూ, మద్యం తాగేవారిలో హృద్రోగం తక్కువగా ఉందన్న ఫలితం 1972లోనే లభించినా దాన్ని ప్రచురించడానికి నిధులిచ్చే ప్రభుత్వసంస్థ అధికారులు అంగీకరించలేదని ఆరోపించాడు. సామాజికంగా ఆ ఫలితం అవాంఛనీయమని వారు భావించారన్నది ఆయన కథనం.

బహిరంగంగా ఈ చర్చకు నాంది పలికినవాడు కాలిఫోర్నియా హృద్రోగ వైద్యుడు ఆర్థర్ క్లాట్‌స్కీ. కైజర్ పర్మనెంటే ఆరోగ్యసంస్థ సభ్యుల పూర్వ వైద్యపరీక్షల వివరాలను ఉపయోగించి, ఆయన బృందం 1974లో 464 మంది గుండెపోటు రోగుల అలవాట్లను ఇతరులతో పోల్చింది. గుండెపోటు వచ్చినవారిలో మద్యం తాగనివారి పాలు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించింది. 1977లో హవాయిలో నివసిస్తున్న జపాన్ సంతతి పురుషులపై జరిగిన హొనొలులు అధ్యయనం కూడా ఇదే దిశలో ఫలితాన్నిచ్చింది.

1981లో మైకేల్ మార్మట్ బృందం లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పత్రం ఈ ఫలితాలకు ఒక చిత్రరూపాన్నిచ్చింది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులు 1,422 మందిని పదేళ్లు పరిశీలించగా, తాగనివారిలోను, ఎక్కువగా తాగేవారిలోను మరణాల రేటు అధికంగా ఉండి, మధ్యస్థంగా తాగేవారిలో తక్కువగా ఉంది. గ్రాఫు మీద ఇది ఆంగ్ల అక్షరం ‘యు’లా కనిపించింది. మధ్యలోని పల్లమే మితమద్యపానానికి శాస్త్రీయమైన చిరునామా అయింది. ఆ పల్లం ఎడమవైపు ఎత్తున నిలబడినవారు ఎవరన్న ప్రశ్న మాత్రం అప్పటికి ప్రధానం కాలేదు.

4. ఫ్రెంచ్ వైరుధ్యం (1979–1999):

వ్యక్తులను పోల్చే ఈ అధ్యయనాలతో పాటు, దేశాలను పోల్చే పద్ధతీ సాగింది. 1979లో సెయింట్ లెజర్, కొక్రేన్, మూర్ అనే పరిశోధకులు 18 సంపన్నదేశాల గణాంకాలను పరిశీలించి, వైన్ వినియోగం ఎక్కువగా ఉన్న దేశాలలో హృద్రోగ మరణాలు తక్కువగా ఉన్నాయని చూపారు. వెన్న, జున్ను, మాంసం సమృద్ధిగా తినే ఫ్రాన్స్‌లో గుండెపోటు మరణాలు తక్కువగా ఉండటం అందరినీ ఆకర్షించింది. దీనికే ‘ఫ్రెంచ్ వైరుధ్యం’ అన్న పేరు స్థిరపడింది.

1991 నవంబరు 17న అమెరికాలో ప్రసారమైన ‘60 మినిట్స్’ టెలివిజన్ కార్యక్రమం ఈ వైరుధ్యానికి రెడ్ వైన్ కారణమై ఉండవచ్చని కోట్లమందికి తెలిపింది. ఆ ప్రసారం తరువాత అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. 1992లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ లాన్సెట్‌లో రాస్తూ, రోజుకు 20 నుంచి 30 గ్రాముల ఆల్కహాల్ హృద్రోగ ప్రమాదాన్ని కనీసం 40 శాతం తగ్గించగలదని అభిప్రాయపడ్డారు.

1999లో మాల్కమ్ లా, నికొలస్ వాల్డ్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో వివరణ ఇచ్చారు. ఫ్రాన్స్‌లో జంతుసంబంధమైన కొవ్వు వినియోగం, దానితో రక్తంలోని కొలెస్ట్రాల్ పెరగడం ఇటీవలి పరిణామాలు. ఆహారపు మార్పు గుండెపోటు మరణాలలో ప్రతిఫలించడానికి దశాబ్దాలు పడుతుంది. దీనికితోడు అక్కడి మరణ ధ్రువపత్రాలలో హృద్రోగం కొంత తక్కువగా నమోదవుతోంది. ఈ తేడాలో సుమారు 20 శాతానికి అదే కారణమని వారు అంచనా వేశారు. వైరుధ్యంలో పెద్దభాగానికి కాలవ్యవధే కారణమన్నది వారి వాదం. వైన్‌కు వారు ఇచ్చిన పాత్ర స్వల్పం. అయినా ప్రజల ఊహలో వైన్ గ్లాసు చెరిగిపోలేదు.

5. ‘తాగనివారు’ అన్న వర్గంపై విమర్శ (1988–2006):

ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు 1988లో వచ్చింది. బ్రిటన్‌లోని 24 పట్టణాలలో 7,735 మంది మధ్యవయస్కులైన పురుషులను పరిశీలించిన గెరాల్డ్ షేపర్ బృందం, పల్లం ఎడమవైపు నిలబడినవారిని నిశితంగా చూసింది. వారిలో చాలామంది పుట్టినప్పటి నుంచి మద్యానికి దూరంగా ఉన్నవారు కారు. ఒకప్పుడు తాగి, అధిక రక్తపోటో హృద్రోగమో మరో వ్యాధో బయటపడ్డాక మానుకున్నవారు. జబ్బు ముదిరేకొద్దీ మనుషులు ఎక్కువ తాగే వర్గం నుంచి తక్కువ తాగే వర్గానికి, అక్కడి నుంచి తాగని వర్గానికి జరుగుతూ ఉంటారు. వారిని ‘తాగనివారు’గా లెక్కించి మితంగా తాగేవారితో పోలిస్తే, మితంగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు వాడుకలో ఈ తేడాకు వేరు వేరు మాటలున్నాయి. ఒకరిని ‘ముట్టనివాడు’ అంటారు, మరొకరిని ‘మానేసినవాడు’ అంటారు. ‘మానేశాడు’ అన్న వెంటనే ‘ఎందుకు?’ అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పరిశోధకుల ప్రశ్నపత్రాలలో చాలావరకు ఆ రెండో ప్రశ్న లేదు. ‘ప్రస్తుతం మద్యం తాగుతారా?’ అన్న ఒక్క ప్రశ్నకు ‘లేదు’ అన్న సమాధానం ఇద్దరినీ ఒకే గడిలో చేర్చింది.

షేపర్ విమర్శకు ప్రతివాదం కూడా బలంగానే వచ్చింది. 1991లో ఎరిక్ రిమ్ బృందం 51,529 మంది అమెరికన్ ఆరోగ్యవృత్తి నిపుణులైన పురుషుల అధ్యయనంలో, జబ్బు కారణంగా తాగుడు తగ్గించే అవకాశమున్నవారిని మినహాయించి చూసినా మద్యం తాగేవారిలో హృద్రోగం తక్కువగానే ఉందని చూపింది. అందువల్ల వర్గీకరణ దోషం ఒక్కటే మొత్తం ఫలితాన్ని వివరించలేదని పలువురు వాదించారు.

వివాదం అక్కడి నుంచి రెండు దారులలో సాగింది. మొదటిది, పాత అధ్యయనాల పునఃపరిశీలన. 2006లో కే ఫిల్మోర్, టిమ్ స్టాక్‌వెల్, వారి సహచరులు 54 అధ్యయనాలను వర్గీకరణ దృష్టితో పరిశీలించారు. మానేసినవారిని, అరుదుగా తాగేవారిని ‘తాగనివారి’లో కలపకుండా సరిగా విడదీసినవి 7 మాత్రమేనని, వాటిలో మితమద్యపానం వల్ల మరణాలు తగ్గిన దాఖలా లేదని తేల్చారు. రెండవది, సామాజిక స్థితి గురించిన ప్రశ్న. 2005లో టిమొతీ నయిమి బృందం అమెరికన్ సర్వే వివరాలతో, హృద్రోగానికి సంబంధించిన 30 ప్రమాదకారకాలలో 27 మితంగా తాగేవారికంటే తాగనివారిలోనే ఎక్కువగా ఉన్నాయని చూపింది. అమెరికాలో మితంగా తాగడం ఆదాయం, విద్య, మంచి వైద్యం అందుబాటు ఉన్న జీవితానికి ఒక లక్షణం. వైన్ గ్లాసుతో పాటు ఆ జీవితమంతా గణాంకాలలోకి వచ్చిచేరింది.

6. కార్యకారణ వివరణ బలహీనపడటం:

గణాంక సంబంధానికి శారీరక వివరణ తోడైతేనే అది కార్యకారణ సంబంధంగా గౌరవం పొందుతుంది. మద్యం విషయంలో ఆ వివరణను ‘మంచి కొలెస్ట్రాల్’గా పేరొందిన హెచ్‌డీఎల్ అందించింది. రోజుకు 30 గ్రాముల ఆల్కహాల్ హెచ్‌డీఎల్‌ను డెసిలీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు పెంచుతుందని 1999 నాటి ఒక మెటా విశ్లేషణ అంచనా వేసింది. హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు తక్కువ కాబట్టి, మద్యం మేలు చేస్తుందన్న తర్కం సులభంగా అంగీకారం పొందింది.

ఈ తర్కంలోని రెండో మెట్టు కూలడానికి మద్యంతో సంబంధం లేని పరిశోధనలు కారణమయ్యాయి. హెచ్‌డీఎల్‌ను గణనీయంగా పెంచే టార్సెట్రాపిబ్ అనే మందు ప్రయోగాన్ని, దాన్ని తీసుకున్నవారిలో మరణాలు పెరగడంతో 2006 డిసెంబరులో నిలిపివేశారు. జన్యుకారణాల వల్ల హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు ప్రమాదం తగ్గలేదని 2012లో లాన్సెట్‌లో వెలువడిన అధ్యయనం తేల్చింది. హెచ్‌డీఎల్ పెరగడం, గుండె రక్షణ పొందడం ఒకటి కావని దీనివల్ల స్పష్టమైంది. రెడ్ వైన్‌లోని రెస్వెరాట్రాల్ అనే పదార్థం గురించిన ఆశలకూ ఇదే గతి పట్టింది. ఇటలీలోని కియాంటి ప్రాంతంలో 783 మంది వృద్ధులను పరిశీలించిన అధ్యయనంలో, ఆహారం ద్వారా చేరిన ఆ పదార్థం మోతాదుకు హృద్రోగంతో గాని ఆయుర్దాయంతో గాని సంబంధం కనిపించలేదని 2014లో వెల్లడైంది.

మరొక సంగతి కూడా గమనించదగినది. తెలుగులో ‘గుండెజబ్బు’ అన్న ఒక్క మాట కింద పలు వ్యాధులు చేరుతాయి. రక్షణ గురించిన వాదమంతా ధమనులు పూడుకుపోవడం వల్ల వచ్చే గుండెపోటుకు సంబంధించినదే. గుండె కండరం బలహీనపడటం, గుండెలయ తప్పడం, రక్తపోటు పెరగడం వంటి వాటి విషయంలో మద్యం హాని చేస్తుందన్నదానిపై అంత వివాదం లేదు. 1884లోనే మ్యూనిక్ నగరంలో విపరీతంగా బీరు తాగేవారి గుండెలు ఉబ్బిపోవడాన్ని బోలింగర్ వర్ణించాడు. సెలవుదినాలలో అతిగా తాగినవారికి గుండెలయ తప్పడాన్ని 1978లో ఫిలిప్ ఎటింజర్ బృందం ‘హాలిడే హార్ట్’గా పేర్కొంది.

2018లో లాన్సెట్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ఈ భేదాన్ని స్పష్టం చేసింది. అది తాగనివారిని పూర్తిగా పక్కనపెట్టి, 19 సంపన్నదేశాలలోని 599,912 మంది తాగేవారిని వారిలో వారినే పోల్చింది. మద్యం పెరిగేకొద్దీ పక్షవాతం, గుండె వైఫల్యం, బృహద్ధమని ఉబ్బు పెరిగాయి. గుండెపోటు ఒక్కటి కొద్దిగా తగ్గింది. మొత్తం మీద మరణప్రమాదం అతి తక్కువగా ఉన్నది వారానికి 100 గ్రాములు, అంతకంటే తక్కువ తాగేవారిలో.

7. జన్యువుల సాక్ష్యం, ఆగిపోయిన ప్రయోగం (2014–2019):

మనుషుల సమాధానాల మీద ఆధారపడినంతకాలం ‘తాగనివారు’ ఎవరన్న సమస్య వదలదు. జన్యు అధ్యయనాలు ఈ చిక్కుకు ఒక దారి చూపాయి. శరీరంలో మద్యం జీర్ణమయ్యే తీరును కొన్ని జన్యువులు నిర్ణయిస్తాయి. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యుభేదం వల్ల మద్యం తాగితే ముఖం ఎర్రబారడం, వికారం వంటి బాధలు కలుగుతాయి. వారు సహజంగానే తక్కువ తాగుతారు. జన్యువు పుట్టుకతోనే వస్తుంది కనుక, జబ్బుచేసి మానుకోవడం గాని, ఆదాయం గాని దాన్ని మార్చలేవు.

2014లో మైకేల్ హోమ్స్ బృందం యూరోపియన్ సంతతికి చెందిన 261,991 మంది వివరాలతో, ఇటువంటి జన్యుభేదం వల్ల తక్కువ తాగేవారిలో హృద్రోగ ప్రమాదం సుమారు 10 శాతం తక్కువగా ఉందని చూపింది. మితంగా తాగేవారిలో సైతం మద్యం తగ్గితే మేలేనన్నది దాని సారాంశం.

2019లో చైనాలో జరిగిన అధ్యయనం మరింత స్పష్టత ఇచ్చింది. ఐదు లక్షలకు పైగా వయోజనులను పదేళ్లు పరిశీలించి, వారిలో 160,000 మందికి పైగా జన్యువులను పరీక్షించారు. పాత పద్ధతిలో లెక్కిస్తే, వారానికి 100 గ్రాములు తాగే పురుషులలో పక్షవాతం, గుండెపోటు అతి తక్కువగా ఉండి, సుపరిచితమైన యు వక్రరేఖే కనిపించింది. జన్యువుల ఆధారంగా లెక్కిస్తే పక్షవాతం విషయంలో ఆ పల్లం మాయమై, మద్యం పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగే వాలురేఖ మిగిలింది. గుండెపోటు విషయంలో మేలు గాని కీడు గాని స్పష్టంగా తేలలేదు. ఆ సమాజంలో స్త్రీలు దాదాపుగా తాగరు. అవే జన్యువులు ఉన్న స్త్రీలలో పక్షవాతం పెరగలేదు. అంటే పురుషులలో కనిపించిన ప్రభావం జన్యువు స్వభావం వల్ల కలిగినది కాదు, మద్యం వల్ల కలిగినదే. తాగని స్త్రీలు ఇక్కడ పరిశోధనకు సరైన తులామానమయ్యారు.

అయితే ఒక మందును పరీక్షించినట్లు కొందరికి మద్యమిచ్చి, కొందరికి ఇవ్వకుండా ఎందుకు పరీక్షించలేదన్న ప్రశ్న ఉంది. అటువంటి ప్రయత్నం అమెరికాలో జరిగింది. 7,800 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు రోజుకు ఒక పానీయం తీసుకునేలా, రెండో జట్టు పూర్తిగా మానేలా ఆరేళ్లు పరిశీలించాలన్నది పథకం. వ్యయంలో అధికభాగం మద్యం కంపెనీల నుంచి రానుందని, పథకరచన దశలోనే ఆ కంపెనీలతో సంప్రదింపులు జరిగాయని 2018లో వెలుగులోకి వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ విచారణ జరిపి, ఆ ఏడాది జూన్‌లో ప్రయోగాన్ని రద్దుచేసింది. అప్పటికి చేరినవారు 105 మంది. క్యాన్సర్, గుండె వైఫల్యం వంటి హానులు బయటపడటానికి కావలసినంత సంఖ్య, వ్యవధి ఆ పథకంలో లేవన్న విమర్శ కూడా వచ్చింది.

చర్చ పూర్తిగా ముగిసిందనడానికి వీల్లేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు లేదని ప్రకటించింది. 107 అధ్యయనాలను పునఃపరిశీలించిన ఒక విశ్లేషణ అదే ఏడాది, తక్కువ మోతాదులో తాగేవారికి ఆయుర్దాయంలో గణనీయమైన లాభం లేదని పేర్కొంది. 2024 డిసెంబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక మాత్రం, ఎన్నడూ తాగనివారితో పోల్చినా మితంగా తాగేవారిలో మొత్తం మరణాలు తక్కువగా ఉన్నాయని ఒక మోస్తరు నిశ్చయంతో చెబుతూ, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుందని హెచ్చరించింది.

8. భారతీయ సందర్భం:

ఇంతవరకు ప్రస్తావించిన అధ్యయనాలలో అత్యధికం తాగడం సాధారణమై, తాగకపోవడం మినహాయింపుగా ఉన్న సమాజాలలో జరిగినవి. భారతదేశంలో పరిస్థితి తలకిందులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో మద్యం తాగే పురుషులు సుమారు 19 శాతం, స్త్రీలు 1.3 శాతం. తెలంగాణలో పురుషులు 43.3 శాతం, స్త్రీలు 6.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 23.3 శాతం, స్త్రీలు 0.5 శాతం. ఇక్కడ తాగనివారిలో అధికులు మతం, కులాచారం, కుటుంబ మర్యాద, స్త్రీలపై ఉన్న కట్టడి వంటి కారణాల వల్ల ఎన్నడూ ముట్టనివారు. జబ్బుచేసి మానేసినవారు ఆ వర్గంలో చిన్న భాగమే. షేపర్ చూపిన దోషం ఇక్కడ బలహీనంగా ఉండాలి.

ఫలితాలు ఆ ఊహకు అనుగుణంగానే ఉన్నాయి. 2004లో 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొత్తం మీద మద్యం తాగేవారికి గుండెపోటు కొంత తక్కువగా కనిపించినా, దక్షిణాసియావారిలో ఆ రక్షణ కనిపించలేదు. 2010లో పది భారతీయ పరిశ్రమల కేంద్రాల నుంచి సేకరించిన 4,465 మంది వివరాల విశ్లేషణ, భారతీయ పురుషులలో మద్యం హృద్రోగానికి హానికరమే కావచ్చునని సూచించింది. 2015లో 12 దేశాల ప్యూర్ అధ్యయనం, మరణం, హృద్రోగం, పక్షవాతం, క్యాన్సర్, గాయాలు మొదలైనవన్నీ కలిపి చూస్తే, తక్కువ ఆదాయ దేశాలలో తాగేవారికి మేలు కనబడలేదని తెలిపింది.

అమెరికన్ అధ్యయనాలకు వర్తించిన సందేహాన్ని వీటికీ వర్తింపజేయాలి. అక్కడ మితంగా తాగేవారు సంపన్నులు కావడం మద్యాన్ని మేలైనదిగా చూపింది. ఇక్కడ తాగేవారిలో పేదలు, పొగాకు వాడేవారు ఎక్కువ కావడం మద్యాన్ని అసలుకంటే హానికరంగా చూపవచ్చు. వర్గీకరణ దోషం ఒకవైపుకే మొగ్గుతుందన్న నియమం లేదు.

మోతాదు విషయంలోనూ అనువాదం అవసరం. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ లేదా బ్రాందీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో సుమారు 61 గ్రాములు. 8 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో సుమారు 41 గ్రాములు. లాన్సెట్ విశ్లేషణ చెప్పిన 100 గ్రాములు వారం మొత్తానికి సంబంధించినవి. వారంలో రెండు రాత్రులు ఒక్కో క్వార్టర్ తాగినవాడు ఆ హద్దు దాటుతాడు. భోజనంతో పాటు రోజూ ఒక గ్లాసు వైన్ తాగే పద్ధతిని చూసి రూపొందించిన ‘మితం’ అన్న భావన, ఒక్క కూర్చోవడంలో సీసా పూర్తిచేసే పద్ధతికి వర్తించదు. సగటు ఒకటే అయినా శరీరం మీద ప్రభావం ఒకటి కాదు. ఇంటర్‌హార్ట్ వివరాల తదుపరి విశ్లేషణ 2014లో, ఒక్కరోజులో ఎక్కువగా తాగిన తరువాతి 24 గంటలలో గుండెపోటు ప్రమాదం పెరుగుతుందని చూపింది.

తెలుగు నేలపై మద్యానికి సంబంధించిన అతిపెద్ద ప్రజాచర్చ గుండె గురించి జరగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా ఉద్యమించింది కూలిడబ్బులు ఇంటికి చేరకపోవడం, ఇళ్లలో హింస వంటి కారణాలపై. 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి ఆ ఉద్యమం దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ స్త్రీలు అడిగిన ప్రశ్నలో ప్రమాదం తాగే వ్యక్తి శరీరానికే పరిమితం కాదు. తాగేవాడి ధమనులను మాత్రమే కొలిచే అధ్యయనం ఆ ఇంట్లోని తాగనివారి జీవితాన్ని లెక్కలోకి తీసుకోదు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. మితమద్యపానం గుండెను రక్షిస్తుందన్న ప్రతిపాదన నిజాయితీగా సేకరించిన వివరాల నుంచే పుట్టింది. దాని బలహీనత వివరాలలో కంటే, వాటిని అమర్చిన వర్గాలలో ఎక్కువగా ఉంది.

2. 1961లో శవపరీక్షల విషయంలో, 1988లో మానేసినవారి విషయంలో, 2005లో సామాజిక స్థితి విషయంలో వచ్చిన విమర్శలు మూడింటి సారం ఒకటే. పోల్చడానికి ఎంచుకున్నవారు సరైనవారు కాకపోతే ఫలితం మారిపోతుంది.

3. జన్యు అధ్యయనాలు రక్షణవాదాన్ని బాగా బలహీనపరిచాయి. గుండెపోటు ఒక్కదాని విషయంలో కొంత అనిశ్చితి మిగిలి ఉన్నా, పక్షవాతం, అధిక రక్తపోటు, గుండెలయ దోషాల విషయంలో మద్యం హాని స్పష్టం.

4. గుండె ఆరోగ్యం కోసం తాగడం మొదలుపెట్టాలన్న సలహాకు ప్రస్తుత విజ్ఞానంలో ఆధారం లేదు. దక్షిణాసియా ఫలితాలలో ఆ సలహాకు మద్దతు మరీ తక్కువ.

5. ఎన్నడూ ముట్టనివారు అధికసంఖ్యలో ఉన్న భారతీయ సమాజం ఈ ప్రశ్నను తిరిగి పరీక్షించడానికి అనువైనది. అయితే ఇక్కడ చేపట్టే సర్వేలు ‘తాగుతారా?’ అన్న ప్రశ్నతో ఆగిపోకుండా, ‘ఎప్పుడైనా తాగారా?’, ‘ఎప్పుడు మానేశారు?’, ‘ఎందుకు మానేశారు?’ అని కూడా అడగాలి. పొగాకు, ఆదాయం, తాగే తీరు వేరుగా నమోదు కావాలి.

ముట్టనివాడు, మానేసినవాడు ఒకటి కారని తెలుగు వాడుకకు తెలుసు. వైద్యగణాంకాలు ఆ తేడాను గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. ఈ ఆలస్యం వల్ల ‘మందు’ అన్న మాటలోని రెండర్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎందరికో తాగుడు వైద్యసలహాగా చేరింది. వాటిని తిరిగి విడదీయడం ఇకపై జరగవలసిన పరిశోధన బాధ్యత.